నాలుగో స్వరం

“ఇంకొక్క అంగుళం జరిపినా ఊరుకోను,” అంది టీచరమ్మ, దిద్దాల్సిన జవాబు పత్రాల కట్టని గుండెకు హత్తుకుని. “నా బల్ల వంటింట్లోకి పోయింది. బీరువా నడవాలోకి పోయింది. ఇక మిగిలింది నేనే.”

ఆమె భర్త పళ్ళ డాక్టరు తలెత్తలేదు. ఎత్తే స్థితిలో లేడు. ఆ పదడుగుల గదిలో మోకాళ్ళ మీద పాకుతున్నాడు. ఆయన రోజూ కూర్చుని పాటలు వినే కుర్చీలో, ఆయన బదులు, నల్లటి వూఫరు పెట్టె దర్జాగా కూర్చుని ఉంది.

“ఏమిటండీ ఈ అవతారం?”

“మెకానిక్కు చెప్పాడు. పెట్టెని కుర్చీలో పెట్టి మనం పాకాలట. కింది స్వరాలు ఎక్కడ నిండుగా వినిపిస్తే పెట్టెని తీసుకెళ్ళి అక్కడ పెట్టాలట.”

“మీ పేషెంట్లెవరైనా చూశారంటే, ఇక వాళ్ళ పళ్ళు వాళ్ళే పీక్కుంటారు.”

గోడకి ఆనుకుని నిలబడ్డ సౌండు మెకానిక్కుకి నవ్వే ఓపిక కూడా లేదు. అతను ఈ ఇంటికి రావడం ఇది ఐదోసారి.

గొడవంతా ఒక పాత పాటతో. రెండో చరణానికి ముందు డబుల్ బేస్, ఆ నిలువెత్తు వయొలిన్‌లాంటి వాద్యం, ఒక్కటే మోగుతుంది. దాని స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వినపడదు. డాక్టరు స్పీకర్లు సామాన్యమైనవి కావు, గాయని ఊపిరి పీల్చుకోవడం కూడా పట్టిస్తాయి. అయితే సన్నవి, అంత కిందికి దిగలేవేమోనని ఒక వూఫరు తెచ్చాడు. స్వరం రాలేదు. ఒంటరిగా ఉంది కాబోలని రెండోది తెచ్చాడు. అప్పుడూ రాలేదు.

“ఇదిగో, కిటికీ పక్కన బాగుంది!” అన్నాడు డాక్టరు నేల మీద నుంచే.

డాక్టరూ మెకానిక్కూ కలిసి పెట్టెని మోసుకెళ్ళి కిటికీ పక్కన దింపారు. డాక్టరు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు...

“లేదు.”

“డాక్టరుగారూ, అసలు ఉందంటారా అది?”

“మూడు మెట్లు దిగినవాడు నాలుగోది దిగకుండా గాల్లో నిలబడతాడా? ఉంది. నీకే దొరకడం లేదు.”

మెకానిక్కు మెడ నరం ఉబ్బింది. శబ్దాలు పరీక్షించే తన యంత్రం తీసి, దానితో ఒక ఒంటి మోత వదిలాడు. అది సన్నగా మొదలై కిందికి, ఇంకా కిందికి దిగింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. వంటింట్లో గిన్నెల మీద మూతలు ఎగిరాయి. టీచరమ్మ చేతిలోంచి ఎర్ర పెన్ను జారి పడింది.

“చూశారా! మీ నాలుగో స్వరం కంటే కిందిది కూడా పలికింది. నా తప్పేముంది?”

“మరి పాటలో ఎందుకు లేదు?”

“నన్నడిగితే? పాటనే అడగండి!”

“అరవకు, నేనూ అరవగలను!”

“ఇద్దరూ ఆపుతారా?” టీచరమ్మ కాగితాల కట్టని వూఫరు మీద టప్పున పడేసింది. “శబ్దం గురించి ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే పెట్టెలన్నీ బయట పెట్టిస్తానని అపార్ట్‌మెంటు సెక్రటరీ రాసి పంపాడు. గుర్తుందా? కింది వాటాలో కొత్తగా ఎవరో పెద్దాయన దిగాడు. ఇప్పుడు ఆయన పైకప్పు ఆయన నెత్తి మీదే ఊగి ఉంటుంది.”

ఆ మాట పూర్తికాకముందే తలుపు మీద ఎవరో కొట్టారు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు గబుక్కున రెండు స్పీకర్లకీ అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు, ఎవరో ఎత్తుకుపోవడానికి వచ్చినట్టు. టీచరమ్మే వెళ్ళి తలుపు తీసింది. చేతికర్ర పట్టుకుని బక్కపలచటి ముసలాయన నిలబడి ఉన్నాడు. మూడు అంతస్తులు ఎక్కి వచ్చినట్టు రొప్పుతున్నాడు, ఎక్కింది ఒక్కటే.

“క్షమించండి బాబాయిగారూ,” అంది ఆమె చేతులు జోడించి. “ఇవాళే ఆఖరు. నేను మాటిస్తున్నాను.”

“అది కాదమ్మా. వారం నుంచీ ఆ పాట అక్కడికి రాగానే ఆపేస్తున్నారెందుకని?”

ఇన్నాళ్ళకి అడిగే మనిషి దొరికాడు. డాక్టరు భయం మర్చిపోయి ఆయన్ని లోపలికి తీసుకొచ్చి, ఎవరినీ కూర్చోనివ్వని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మెట్లు, నాలుగో స్వరం, రెండు వూఫర్లు, పాకడం, అన్నీ ఏకరువు పెట్టాడు. “మీరే వినండి. ఈ మెకానిక్కేమో లేదంటాడు. మా ఆవిడ నాకు పిచ్చంటుంది.”

“వెయ్యండి,” అన్నాడు ముసలాయన.

పాట మొదలైంది. డబుల్ బేస్ తీగ వేలి కింద ఒరుసుకోవడం కూడా వినిపించింది. ముసలాయన రెండు చేతులూ కర్ర మీద పెట్టి తల వంచుకున్నాడు. ఒకటి. రెండు. మూడు.

మెకానిక్కు అలవాటుగా పాట ఆపేశాడు. ముసలాయన తలెత్తలేదు. ఆయనకి ఏమైనా అయిందేమోనని టీచరమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకోలేదు.

“ఆ పెట్టెల్ని ఇక జరపకండి బాబూ,” అన్నాడు చివరికి, డాక్టరు మొహంలోకి చూడలేక. “ఈ పాట రికార్డు చేసిన రోజు స్టూడియోలో ఆ స్వరం వాయించడం నేనే మర్చిపోయాను. నలభై ఏళ్ళయింది, ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను.”