ఆరో తరగతి పిల్ల

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగింది సింధూజ.

చాప మీద కూర్చున్న జేబా కిటికీ వైపు చూసింది.

"గట్ల కిటికీ దిక్కు సూడకే తల్లి. రేపే నా ఫైనల్ ప్రాక్టికల్. సిరిసిల్ల నుంచి అచ్చే మేడం మస్తు స్ట్రిక్ట్ అట. పిల్లలు నోరిప్పకపోతే టీచర్‌కు సున్నానేనట."

తలుపు దగ్గర పీట వేసుకున్న వహీదాబీ కూతురు జేబా ముఖంలోకి చూసింది. ఆమె ఒళ్లో ఒక కాగితం, చేతిలో పెన్సిలు ఉన్నాయి. పిల్ల జవాబు చెప్పినప్పుడల్లా ఒక గీత గీయాలి. కాగితం మీద ఇంకా ఒక్క గీతా పడలేదు.

బి.ఎడ్. చదివేవాళ్లకు ఇదొక పద్ధతి. బడిపిల్లల ముందుకు వెళ్లేలోపు తోటివాళ్ల మీదే పాఠం సాధన చేస్తారు. ఒకరు టీచరు, ఒకరు గీతలు గీసే మనిషి, మిగతావాళ్లంతా ఆరో తరగతి పిల్లలు. ఇరవై రెండేళ్ల ఆడపిల్లలు చాక్‌పీసులు కొరుకుతూ, ఒకరి జడలొకరు లాగుతూ పదకొండేళ్ల వాళ్లయిపోతారు. జగిత్యాల కాలేజీలో ఇంగ్లీషు బ్యాచ్ మొత్తానికి పిల్లగా జేబాయే కావాలి. మొద్దు పిల్ల వేషం ఆమె కట్టినట్టు ఇంకెవరూ కట్టలేరు. పేరడిగితే మామిడిపండు అనేది. మామిడిపండు బొమ్మ చూపిస్తే తన పేరు చెప్పేది. క్లాసంతా పడీపడీ నవ్వేది.

వేషం మొద్దు పిల్లదే గానీ, మూడు సెమిస్టర్లలోనూ కాలేజీ ఫస్టు. కోరుట్ల నుంచి పొద్దున్నే బస్సెక్కడం, తిరిగొచ్చాక ట్యూషన్లు చెప్పడం, ఆ తర్వాత రికార్డులు రాయడం. తనవే కాదు, రాయలేమని మొహం వేలాడేసిన వాళ్లవి కూడా. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమంటే చెమటలు పట్టే సింధూజను గట్టెక్కించుకుంటూ వచ్చింది జేబాయే. అన్నం పెడితే, "ఈ చార్టు ఆరనీ అమ్మీ" అనేది. అన్నమే చల్లారిపోయేది. కూతురి కళ్ల కింది నలుపు చూసి, సుర్మా చెదిరిందేమో అనుకుంది వహీదాబీ. పిల్ల చిక్కిపోయిందేంటని పక్కింటి లీల అడిగితే, "ఫస్టు రావాలంటే ఊకెనే అస్తదా?" అని మురిసిపోతూ చెప్పింది. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

సింధూజ మళ్లీ చార్టు ఎత్తి పట్టుకుంది. జేబా గీసిచ్చిన పాత చార్టు. అంచులకు టేపులు పడ్డాయి. సింధూజ చున్నీ మీద సుద్దపొడి అలాగే ఉంది. వచ్చి మంచినీళ్లయినా తాగకుండా పాఠం మొదలుపెట్టింది.

"మై నేమ్ ఈజ్ సింధూజ. వాట్ ఈజ్ యువర్ నేమ్?"

జేబా తన జడ కొస వేలికి చుట్టుకుంది. ఈ రోజు ఆమెకు రెండు జడలు. పొద్దున వహీదాబీయే వేసింది.

"చెప్పు బేటా," అని బతిమాలింది వహీదాబీ. "నీ దోస్తు గద. ఇంటికి పోకుంట నీ కోసం అచ్చింది. ఒక్కసారి పేరు చెప్తే ఏం పోతది?"

జేబా జడ కొసను వేలి నుంచి విప్పి మళ్లీ చుట్టుకుంది.

సింధూజకు ఏం తోచిందో, చార్టును తలకిందులుగా తిప్పి పట్టుకుంది. బొమ్మలోని పిల్ల కాళ్లు పైకి లేచాయి.

జేబా కనుబొమలు ముడిపడ్డాయి. లేచి వచ్చింది. చార్టు అందుకుని, సరిగ్గా తిప్పి, సింధూజ చేతిలో పెట్టింది. వెళ్లి మళ్లీ చాప మీద కూర్చుంది.

వహీదాబీ పెన్సిలును కాగితానికి ఆనించింది. మాట రాలేదు గదా అని గీయకుండా ఆగింది.

"వెరీ గుడ్," అంది సింధూజ. "ఇగ పేరు చెప్పు. ఒక్క ముక్క చాలు. నువ్వెప్పుడన్న నన్ను ఫెయిల్ కానిచ్చినవానే?"

జేబా పెదాలు కదిలాయి. వహీదాబీ పీట మీంచి ముందుకు వంగింది. వీధిలో ఎవరో బండి హారన్ కొట్టారు. పెదాలు మూతపడ్డాయి, చూపు మళ్లీ కిటికీ వైపు పోయింది.

సింధూజ ఫోనులో అలారం మోగింది. పద్ధతి ప్రకారం పాఠం ఆరు నిమిషాలే. ఆమె చార్టు చుట్టి బీరువా వెనక పెట్టింది. వహీదాబీ గీత పడని కాగితాన్ని మడిచి రేకు డబ్బాలో వేసింది. మూత సరిగా పడకపోతే ఒత్తి మూసింది.

వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న సింధూజ చెయ్యి పట్టుకుని, లోపలికి వినిపించకుండా ఏడ్చింది వహీదాబీ.

"ఏడ్వకు అమ్మీ. చార్టు తిప్పింది సూడలేదా?"

"సూసిన బిడ్డా."

"మా మల్యాల బస్సుకు టైమైంది. రేపు మళ్ల అస్త."

రేపే అని రోజూ చెప్పే ఆ ప్రాక్టికల్ సింధూజ ఎప్పుడో పాసై, కోరుట్లలోనే టీచరుగా చేరి తొమ్మిది నెలలు దాటింది; అదే ప్రాక్టికల్ రోజు, తన పాఠం కోసం బోర్డు ముందు నిలబడ్డ జేబాను సిరిసిల్ల మేడం "నీ పేరేంటమ్మా?" అని అడిగినప్పుడు మూతబడ్డ ఆమె నోరు మాత్రం ఇప్పటికీ తెరుచుకోలేదు.