గోడ లోపలి నేల

చర్చి గేటు ముందు శవపేటిక దించారు.

మోసుకొచ్చిన నలుగురూ నల్లవాళ్ళే. ముందు పట్టిన క్వాష్, చనిపోయిన ఫీబీ భర్త. ఒకప్పుడు బానిస. ఇప్పుడు రేవు అవతల ఆల్చిప్పలు పట్టి అమ్ముకుంటూ స్వతంత్రంగా బతుకుతున్నాడు.

చర్చి ఆవరణలో సమాధులకు గోతులు తవ్వేవాడు గేటు తీయనన్నాడు. మేయరుకు కబురు వెళ్ళింది.

మేయరు ఆంబ్రోస్ టాల్‌వండ్ తన వరి పొలాల నుంచి నేరుగా గుర్రం మీద వచ్చాడు. ఊరికీ ఆయనే పెద్ద, చర్చికీ ఆయనే పెద్ద.

"నల్లవాళ్ళు గుంపుగా చేరకూడదని చట్టముంది. తెలీదట్రా?"

"గుంపెక్కడుంది మేయరుగారూ? ఉన్నదే ఐదుగురం. అందులో ఒకరు చచ్చిపోయారు."

మేయరు మొహం ఎర్రబడింది.

"మీ శ్మశానం ఊరి బయటుంది. అక్కడికి తీసుకుపో."

"వానొస్తే అక్కడ పెట్టెలు పైకి తేలతాయి. ఫీబీని ఈ గోడ లోపలే పెడతాను."

"ఇది తెల్లవాళ్ళ నేల. ఏ హక్కుతో అడుగుతున్నావు?"

"అడగడం లేదు. మీ నాన్నగారు ఇస్తానన్న చోటికే తెచ్చాను."

మేయరు పకపకా నవ్వాడు.

"మా నాన్న మీకు చోటిచ్చాడా! ఎందుకో?"

"నేను చెప్పను. చెబితే బతిమాలినట్టుంటుంది. ఫీబీ జన్మలో ఎవర్నీ బతిమాలలేదు. కావాలంటే మీ అమ్మగారిని అడగండి."

"నీ మాట పట్టుకుని మా అమ్మను నిలదీయాలా? కదులు. లేకపోతే కొరడా దెబ్బలు తింటావు."

"ఎప్పుడూ తిననివైతే కదా భయం!"

క్వాష్ పేటిక పక్కనే చతికిలబడ్డాడు.

కాపలా సిపాయిలు వచ్చారు. ఒకడు పేటికను బూటుకాలితో తోశాడు.

క్వాష్ ఒక్క ఉదుటున లేచాడు.

"కాలు తియ్! ఆమె మీద కాలు పెడతావా?"

తనవాళ్ళ వైపు తిరిగాడు.

"ఎత్తండ్రా. ఇక ఈయనే వచ్చి బతిమాలినా ఈ మట్టిలో పెట్టను."

నలుగురూ పక్క సందులోంచి పోలేదు. నడివీధిలో నడిచారు. ఎదురైన దొరలెవరికీ టోపీ తీయలేదు. రేవులో పడవెక్కి సముద్రం వైపు సాగిపోయారు.

సాయంత్రం టీ తాగుతూ మేయరు ఇదంతా తల్లికి నవ్వుతూ చెప్పాడు.

"నాన్న చోటిస్తానన్నాడట! పెళ్ళాం పేరు ఫీబీ అట."

తల్లి కప్పు కింద పెట్టేసింది.

"ఎక్కడ పూడ్చారు?"

"ఏమో. పడవలో ఎటో తీసుకుపోయారు. ఎవరమ్మా ఆమె?"

ఆవిడ కిటికీలోంచి చర్చి వైపు చూసింది.

"నువ్వప్పుడు లండన్‌లో చదువుకుంటున్నావు. మన చర్చి గోపురం మీద పిడుగు పడింది. నిచ్చెన సగం కాలిపోయింది, మగవాళ్ళ బరువు ఆగదన్నారు. మీ నాన్నతో సహా ఊరి పెద్దలంతా కింద నిలబడి చూస్తున్నారు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే, తడి గోనెపట్టా భుజాన వేసుకుని పైకెక్కి మంటలార్పింది... మనింట్లో బట్టలుతికే పిల్ల, ఆ ఫీబీ."