కార్డులో ఆయన

“ఈ కార్డులో ఉండేది మీరు కాదన్నా,” అంది బడి గేటు దగ్గర సెక్యూరిటీ రూతు.

“నేనేమ్మా. పొద్దున్నే కొండమీద గుండు కొట్టించుకోని నేరుగా వస్తా ఉండా,” అన్నాడు మునిశేఖర్. మెట్ల దారంతా గోవిందా అని అరిచి గొంతు బొంగురుపోయింది.

“ఫొటోలో జుట్టుండాది, మీసముండాది. మొకం కలవకుంటే ఎవురికీ బిడ్డను ఇయ్యొద్దని పోయిన పేరెంట్స్ మీటింగులో పట్టుబట్టినాయన ఈ కార్డులో ఆయనే.”

“సరే, నా కూతుర్నే పిలిచి అడుగు.”

ఎల్‌కేజీ రూపశ్రీ బ్యాగు ఊపుకుంటూ వచ్చింది. నున్నటి తలనూ మీసంలేని మూతినీ తేరిపార చూసింది.

“రామ్మా, లడ్డు తెచ్చినా,” అంటూ అతను చేతులు చాపాడు.

పిల్ల గబుక్కున రూతు వెనక దాక్కుంది. “ఎవురో తెలీదక్కా. లడ్డు ఇస్తానన్నా పోవద్దని మా నాయన చెప్పినాడు.”

మునిశేఖర్ చాపిన చేతులు మెల్లగా దించాడు. రోడ్డు పక్కకు వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

“కోమలీ, నువ్వొచ్చి పాపను తీసకపో. నాకు ఇయ్యరంట.”

“కన్న నాయనకు ఇయ్యకపోవడమేంది? గట్టిగా అడగరాదా?”

“వద్దు.” రూతు చెయ్యి పట్టుకుని తనను అనుమానంగా చూస్తున్న కూతురిని చూసి, గుండు తడుముకుంటూ నవ్వాడు. “రేపట్నుంచి డ్యూటీలో నా పానం నిమ్మళంగా ఉంటాది.”