పొగ లెక్క

“ఉన్నదానికి రెట్టింపు రాయండి సారూ,” అంది హజ్రా బీ, బొగ్గు తట్ట కిందికి దించుతూ.

మస్తాన్‌రావు కలం ఆపాడు. నరసరావుపేట కాలేజీలో లెక్కలు చెప్పే అతను, ఎనభై తొమ్మిది వేసవి సెలవుల్లో ఢిల్లీ వాళ్ళ సర్వేకి ఒప్పుకుని పిడుగురాళ్ళ సున్నపు బట్టీల చుట్టూ తిరుగుతున్నాడు. రెండువేల పదో సంవత్సరం నాటికి దేశం మొత్తం ఎంత బొగ్గుపులుసు వాయువు వదులుతుందో ఇప్పుడే అంచనా కట్టాలట. పన్నుల భయంతో బట్టీల వాళ్ళంతా బొగ్గు తగ్గించి చెబుతున్నారు. ఇక్కడ ఓనరు కోసం వస్తే, బొగ్గు సంగతి నేను చెబుతాలే అని ఈమే ముందుకొచ్చింది. ఎక్కువ రాయమన్నదీ ఈమె ఒక్కతే.

“ఎందుకమ్మా?”

“చానా పొగొస్తందని తెలిస్తే సర్కారోళ్ళు బట్టీ ఆపిస్తారు గదా.”

ఆమె చీరా, జుట్టూ, కనురెప్పలూ సున్నం పట్టి తెల్లగా ఉన్నాయి. మాట మాటకీ దగ్గు.

“ఆగిపోతే ఏం తింటారు?”

“మిరక్కాయ కోతలకి పోతాం. మా ఆయన ఈ పొగలోనే ఊపిరాడక పోయాడు. ఇప్పుడు తట్టలు మోసే ఆడోళ్ళు కూడా దగ్గుతా ఉండారు. చూళ్ళేకపోతన్నా సారూ.”

“మరి ఓనరు ఆపెయ్యొచ్చుగా?”

“ఎట్టా ఆపుతారు? ఇన్ని ఇళ్ళల్లో పొయ్యి దీని మీదే వెలుగుతా ఉంది. పనిలేదు పొండని ఏ మొహం పెట్టుకుని చెప్తారు? సర్కారే ఆపితే ఎవురి ఉసురూ ఎవురికీ తగలదు.”

ఇంత అలసిపోయి కూడా ఓనరును వెనకేసుకొస్తోందే అనుకున్నాడు మస్తాన్‌రావు.

“ఉన్నదే రాయాలమ్మా. అయినా ఈ లెక్క ఆపించడానికి కాదు. ఇట్లాగే పోతే పొగ ఎంత పెరుగుతుందో చెప్పడానికి.”

“ఎంత పెరుగుద్ది?”

“మూడింతలు కావచ్చు.”

“అది తెలిసీ ఊరకుంటారా?”

అతను ఉన్నదే రాసుకున్నాడు. హజ్రా బీ తట్ట నెత్తికెత్తుకుని, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ బట్టీ మెట్లు ఎక్కింది.

బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చినా ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది. దేశం సంగతి ఎటూ తన చేతిలో లేదు. కనీసం ఈ ఒక్క మనిషికైనా ఏదో చేయాలనిపించింది. వెనక్కి వెళ్ళి, లారీకి సున్నం ఎత్తుతున్న బాజీ అనే కూలీని పిలిచాడు.

“మీ ఓనరు ఇల్లెక్కడ? ఆ హజ్రా బీతో తట్టలు మోయించొద్దని, నీడపట్టున ఏదన్నా పని ఇవ్వమని ఒక మాట చెప్పి పోతా.”

బాజీ పార పక్కన పెట్టి, అతని వంక వింతగా చూశాడు.

“ఆమే గదండీ ఓనరు.”