పెండ్లిపెద్ద

చలిజ్వరంతో వణుకుతున్న నా కొడుకు గట్టయ్యను రిక్షాలో తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకుపోయాను. నేను ఊడ్చే ప్రయోగశాల సారు మందు ఇస్తానన్నాడు.

సారు వాని వేలికి సూది గుచ్చి, నెత్తురు బొట్టును గాజుపలక మీద తీసుకుని మైక్రోస్కోపులో చూశాడు. చూసి నవ్వాడు.

"ఇటు రా నర్సమ్మా, నీ కొడుకు నెత్తురుల మలేరియా పురుగులు చూడు. మగవి, ఆడవి. బయటికొచ్చి నెత్తురు చల్లబడంగనే మగవాటికి కబురందుతది. తోకలాడించుకుంట ఆడవాటి దిక్కు ఉరుకుతయి. పెండ్లే అనుకో!"

"గోళీలియ్యి సారూ, పిల్లగాడు కాలిపోతున్నడు."

"గోళీలేస్తే పురుగులు చచ్చి నెత్తురు ఖరాబైతది. మా స్టూడెంట్లకు చూపియ్యాలె. గీ పెండ్లి కానియ్యి, ఇస్త."

రోజూ తీసుకుపోయాను. రోజూ నెత్తురే తీశాడు.

ఇవాళ గట్టయ్యను పాడె ఎక్కించేముందు కులపెద్ద జిల్లేడు కొమ్మ తెచ్చాడు. పెండ్లి కాకుండా పోయినవానికి జిల్లేడుతో పెండ్లి చేసి సాగనంపడం మా ఆచారం.

"వాని చేత్తోని పసుపుతాడు కట్టిపియ్యి బిడ్డా, పొద్దు పోతున్నది."

"ఆగు మామా, పెండ్లిపెద్ద ఇంక రాలే. క్యాంపస్‌ల అందరికీ నా కొడుకు పెండ్లి చూపిస్తున్నడు."