గంటసేపు బద్ధకం

“మా ఆయనకి నాలుగు చీవాట్లు పెట్టండి డాక్టరమ్మా! నిమ్మనీళ్లు తాగి, బ్రష్షు ముట్టకుండా పేపరు ముందేసుకుంటారు,” అంది ఇల్లాలు.

డాక్టరమ్మ ఇద్దరి నోళ్లూ చూసింది. “ఆయనవి బాగున్నాయి. మీ పళ్లే అరిగాయి. మీరు తాగగానే తోముతారా?”

“గ్లాసు కింద పెట్టీ పెట్టగానే! బరబరా!”

“పులుపుకి పంటి పైపొర మెత్తబడుతుందమ్మా. అప్పుడు తోమితే అరిగిపోతుంది. నీళ్లు పుక్కిలించి, గంటసేపు ఆగండి.”

భర్త మీసం దువ్వాడు.

మర్నాడు నిమ్మనీళ్లు తాగి, పుక్కిలించి, అలవాటుగా ఆవిడ బ్రష్షు కోసం వెతికింది. అది ఆయన చొక్కా జేబులో ఉంది.

“గంటసేపు ఊరికే ఎలా కూర్చోవాలండీ?” అంది దీనంగా.

ఆయన పక్కకి జరిగి, సగం పేపరు చేతికిచ్చాడు.

“కూర్చో, నేర్పిస్తాను.”