కిటికీ దగ్గర పళ్లెం

“ఇదెవరికి వదినా?” అన్నాడు రఘు.

పద్మిని చేతిలో చెంచా ఆగిపోయింది. భోజనానికి ఇద్దరే ఉంటే మూడు పళ్లేలు పెట్టింది. మూడోది, రోజూలాగే, సముద్రం వైపు కిటికీ దగ్గర. పెట్టమనే దొరసానిని మొన్ననే ఊరి చర్చి పక్కన పూడ్చిపెట్టి వచ్చారు. చేతులకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

“దొరసాని తమ్ముడికి,” అంది గోడ మీద ఫోటో చూపిస్తూ. “ఎడ్వర్డ్. ఓడతో సహా మునిగిపోయాడు. అరవై ఏళ్ల కిందటి మాట.”

రఘు పద్మిని భర్త సాయినాథ్‌కి తమ్ముడు. వదినని తీసుకెళ్లడానికి మిల్టన్ కీన్స్ నుంచి తెల్లవారుతూనే కారేసుకుని ఇంగ్లండు కొసనున్న ఈ కార్న్‌వాల్ మూలకి వచ్చాడు. ఈ ట్రెస్కారో ప్యాలెస్ అంటే ఆషామాషీ ఇల్లు కాదు. నలభై గదులు, మూడొందల ఏళ్లుగా ఓడలు నడిపిన వంశం, ఎటు చూసినా గోడల మీద మీసాల కెప్టెన్లే. అంత వంశానికీ చివరికి మిగిలింది ఎనభై ఎనిమిదేళ్ల ఎలినార్ దొరసాని. ఆవిడకి తోడు మూడేళ్లుగా కేరర్ పద్మిని. ఇప్పుడు దొరసానీ పోయింది, ఇల్లు ట్రస్టు చేతికి వెళ్తోంది.

“పోయినవాడికి పళ్లెమేమిటి?”

“ఈ ఇంటి ఆనవాయితీ రఘూ. ఇంటి మనిషి ఎవరు సముద్రం మీద ఉన్నా పళ్లెం పెట్టాల్సిందే. ఇక రారని అయినవాళ్లు ఒప్పుకున్న రోజున ఇంటివాళ్ల చిన్న చర్చి ఉంది, చాపెల్, దాని గోడ మీద పేరు చెక్కిస్తారు. ఆ రోజే పళ్లెం తీసేస్తారు. నేను చేరిన మొదటి వారమే దొరసాని చెప్పింది.”

“అంటే ఈవిడ అరవై ఏళ్లుగా ఒప్పుకోలేదా?”

ఆ ముసలావిడ మీద పద్మినికి జాలీ ఉండేది, విసుగూ ఉండేది. ఆదివారం బీఫ్ వండించుకునేది కానీ ఆ పళ్లెంలో పెట్టనిచ్చేది కాదు. పద్మిని తన కోసం చేసుకున్న పప్పూ ఆవకాయా అందులో వేయించేది. “కారం పడుతుందంటారా?” అని పద్మిని వేళాకోళం చేస్తే, “ఓడ మీద చప్పిడి తిండి తిని ఉంటాడు, వెయ్యి” అనేది. మతి చలించిందనుకుని వేసేది పద్మిని.

తిన్నాక రఘు బ్యాగులోంచి కాగితం తీశాడు. సాయినాథ్ పనిచేసిన ఓడ కంపెనీవాళ్ల ఫారం. భర్త మరణించినట్టు భార్య ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి. నాలుగేళ్లుగా ఆ కాగితం వస్తూనే ఉంది, పద్మిని తిప్పి పంపిస్తూనే ఉంది.

“ఇక బలవంతపెట్టను వదినా. కానీ అమ్మ కాకినాడలో మంచం దిగట్లేదు. పెద్దాడికి కర్మ కూడా చెయ్యలేకపోయామని ఒకటే ఏడుపు.”

“తెలుసు.”

“అన్నయ్య మునిగింది ఈ నీళ్లలోనేనని వచ్చి ఇక్కడ ఉద్యోగం పట్టారు. మూడేళ్లు ఎదురుచూశారు. ఇంకెన్నాళ్లు?”

ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు దొరసాని అడిగింది ఒక్కటే ప్రశ్న, మీ ఆయన ఏం చేస్తాడు అని. “సముద్రం మీద ఉన్నారండీ” అంది పద్మిని. ఓడ మునిగి అప్పటికి ఏడాది. ఆ మాట అబద్ధమని ఆమెకి అనిపించలేదు. దొరసాని కూడా ఇంకేం అడగలేదు.

పద్మిని కిటికీ దగ్గర పళ్లెం వైపు చూసింది. తను సంతకం పెట్టకపోతే రేపు ఎనభై ఎనిమిదేళ్లకి ఇలాగే ఖాళీ కుర్చీకి వడ్డిస్తూ కూచుంటుంది. చూసినవాళ్లు జాలిపడతారు, వెనక నవ్వుకుంటారు. భయమేసింది.

“పెన్ను ఇవ్వు.”

సంతకం పెట్టింది. రఘు కళ్లు తుడుచుకుని కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు. పద్మిని లేచి వెళ్లి ఆ మూడో పళ్లెం తీసింది.

“దీనికీ ఇవాల్టితో సరి,” అంది. “పాపం, ఆవిడ తియ్యలేకపోయింది. నేనే తీస్తున్నాను.”

సబ్బుపెట్టి కడిగి, తుడిచి, మిగతావాటితో పాటు అలమరలో సర్దేసింది.

చాపెల్ పైకప్పు కూలడంతో పదేళ్లుగా తాళం వేసి ఉంది. కొలతల కోసం ట్రస్టువాళ్లు ఈవేళే తెరిచారు. “ఒక్క నిమిషం, దొరసాని తరఫున నాలుగు పూలు పెట్టి వస్తా” అని పద్మిని తోటలో గులాబీలు కోసుకుని లోపలికి వెళ్లింది.

గోడ నిండా పేర్లు. అన్నీ కెప్టెన్లవే అనుకుంది. కాదు. వంటామె మొగుడు, తోటమాలి కొడుకు, బట్టలుతికే ఆవిడ అన్న, అందరూ దొరల మధ్యనే ఉన్నారు. ప్రతి పేరు కిందా చెక్కించినవాళ్ల పేరు, చెక్కించిన ఏడు. అన్నిటికన్నా చివర ఎడ్వర్డ్ ట్రెస్కారో. చెక్కించింది అక్క ఎలినార్, 1964.

పద్మిని ఆ అంకెల మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. అంటే ఎడ్వర్డ్ పళ్లెం అరవై ఏళ్ల కిందటే తీసేశారు. ఆ తర్వాత ఈ వంశంలో ఓడెక్కినవాళ్లే లేరు. పళ్లెం ఎడ్వర్డ్‌దని దొరసాని ఎప్పుడూ అనలేదు, ఫోటో చూసి తనే అనుకుంది. పూలు పట్టుకున్న చెయ్యి ఇంకా సబ్బు వాసన వేస్తోంది.

ఆ పళ్లెం సాయినాథ్‌ది.